వాసన రాని కొలను

ఆర్కిటెక్చర్ చదువు పూర్తిచేసి కొత్తగా పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను కట్టించిన భవనాల ఫొటోలు చూపించమంటారు. నాకు ఫొటోలు చూపించడం ఇష్టం ఉండదు. నా పని అందులో కనబడదు. ఇంట్లో వాడిన నీళ్ళు గడప దాటాక ఎక్కడికి పోతాయి, పోయేముందు ఆ ఇల్లే వాటిని ఎంతవరకు బాగుచేసి పంపగలదు అన్నదాని చుట్టూనే నా ఉద్యోగ జీవితమంతా తిరిగింది. మిగతా ఆర్కిటెక్టులు ఇంటి ముందు వైపు గీశారు. నాకు వెనక వైపు దక్కింది.

మాది బెంగళూరు కబ్బన్‌పేటలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. మగ్గాల మీద బతికినవాళ్ళం. మా చిన్నాయన పట్టుకు రంగు వేసేవాడు. మా వీధి మోరీలో, అదే మురుగుకాలువలో, ఒక రోజు ఎర్రనీళ్ళు పారేవి, ఇంకో రోజు పచ్చనీళ్ళు పారేవి. చిన్నప్పుడు మాకదొక వేడుక. ఆ మోరీ పోయి వృషభావతిలో కలుస్తుందనీ, వృషభావతి అనేది ఒకప్పుడు నది అనీ కాలేజీకి వెళ్ళాక గాని నాకు తెలియలేదు. మైసూరు రోడ్డు పక్కన నల్లగా, నురగతో పారేదాన్ని మా ఇంట్లో అందరూ పెద్ద మోరీ అనే అనేవాళ్ళు.

ఈ పనిలో మీకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది అనుమానం. అది కాలేజీలో నేర్పరు. నాకెలా వచ్చిందో, దానివల్ల ఏమైందో చెప్తాను.

ట్రేలో వచ్చిన గ్లాసు

తొంభైల మొదట్లో నేను శేషాద్రి సార్ ఆఫీసులో చేరాను. బసవనగుడిలో పాత ఇంటి మేడ మీద ఆయన ఆఫీసు. ఆయన తెలుగులో సగం కన్నడం ఉండేది. గీతలో చెయ్యి తిరిగినవాడు, మాటలో మోటువాడు.

ఒకసారి అత్తిబెలె దగ్గర ఒక అద్దకం ఫ్యాక్టరీకి పనివాళ్ళ క్వార్టర్లు గీయమని పిలిచారు. యజమాని మమ్మల్ని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ అంతా చూపించాడు. నీటిని శుద్ధిచేసే తొట్ల దగ్గర ఆగి, శుద్ధిచేసిన నీళ్ళు ఇవేనంటూ ఒక గ్లాసెడు మా ముందే గటగటా తాగాడు. నేను మురిసిపోయాను. కారెక్కాక ఆ మాటే సార్‌తో అన్నాను.

"తాగినాడు, సరే. గ్లాసు యాడనుంచి వచ్చె?" అన్నారు సార్.

"ట్రేలో తెచ్చిరి సార్."

"తొట్టి పక్కనే నీళ్ళ నల్లి ఉండాది. దాని కింద పట్టుకొని తాగల్ల. లోపల్నుంచి ట్రేలో, పైన మూత పెట్టుకొని ఎందుకు వస్తాది?"

డ్రైవరుతో చెప్పి కారు వెనక్కి తిప్పించారు. ఫ్యాక్టరీ గోడ చుట్టి వెనక్కి పోతే అక్కడ తారులాంటి నీళ్ళు ఒక కాలువలో చెరువు వైపు పోతున్నాయి. సార్ కిందికి దిగలేదు. కిటికీలోంచి చూసి, "ముందు వాకిట్లో వచ్చినోళ్ళకి ఎవరూ వెనక మోరీ చూపించరమ్మా. మనమే పోవల్ల," అన్నారు. ఆ క్వార్టర్ల పని మేము తీసుకోలేదు.

ఆ తర్వాత ఏ సైటుకు వెళ్ళినా ముందు వెనక గోడ చుట్టి రావడం నాకు అలవాటైంది. అది మనుషులను దగ్గర చేసే అలవాటు కాదు. నేను వస్తున్నానంటే సైటు సూపర్‌వైజర్లు ముఖాలు ముడుచుకునేవాళ్ళు. ఇంట్లో కూడా కొంత నడిచిందది. మా ఆయన కూరగాయల సంచి దించగానే ఎక్కడ కొన్నావని అడిగేదాన్ని.

గడ్డి మడులు

తొంభైల చివర్లో కెంగేరి దాటాక, వృషభావతి లోయ అంచున ఒక పెద్ద అపార్ట్‌మెంటు సముదాయం పని మా ఆఫీసుకు వచ్చింది. బిల్డరు పేరు మునిరెడ్డి. ఆ పక్క ఊరివాడే, తాతల నాటి పొలంలోనే కడుతున్నాడు. పని నాకు అప్పగించి, "నీ మనసులో ఉండేది గీయమ్మా," అన్నారు సార్.

నా మనసులో ఉన్నది చెప్తాను. అపార్ట్‌మెంట్లలో మురుగునీటి శుద్ధి అంటే నేలమాళిగలో, పార్కింగు పక్కన, తలుపేసిన ఒక గది. అందులో మోటార్లు. అది నడుస్తోందో ఆగిపోయిందో పైన ఉండే మనిషికి తెలియదు. నేను దాన్ని పైకి తెచ్చి ముంగిట్లో పెట్టాను. ఇళ్ళనుంచి వచ్చే నీళ్ళు ముందు ఒక మూసిన తొట్టిలో తేరుకోవాలి. తర్వాత రాతి మెట్లలా ఒకదాని కింద ఒకటిగా కట్టిన మడుల్లోకి దిగాలి. మడుల నిండా గులకరాళ్ళు, వాటిలో జమ్ము, మెట్టతామర. నీరు రాళ్ళ కిందే, వేళ్ళ మధ్యగా మెల్లగా నడుస్తుంది. మురికిలో చాలా భాగాన్ని ఆ వేళ్ళ దగ్గరి సూక్ష్మజీవులు తినేస్తాయి. చివరి మడి దాటిన నీరు చేపలున్న ఒక కొలనులో చేరి, అక్కడినుంచి పొంగి వెనక కాలువ గుండా వృషభావతికి పోతుంది. ఇళ్ళన్నీ ఈ మడుల చుట్టూ. వంటింటి కిటికీ తెరిస్తే తమ నీళ్ళు తమకే కనబడాలి. అదీ నా ఆలోచన.

మునిరెడ్డి డ్రాయింగులు చూసి, "బాగుండాదమ్మా, అట్లే కడదాం," అన్నాడు.

అదే నాకు నచ్చలేదు. అంత స్థలం గడ్డికి వదలమంటే బిల్డరు బేరమాడాలి. ఇంకో బ్లాకు వస్తుంది కదా అనాలి. ఈయన ఏమీ అనలేదు. చివరి కొన్ని వారాలు వేరే సైటుకు పోవాల్సి వచ్చేదాకా నేను వారం వారం పోయి పైపులు ఎక్కడినుంచి ఎక్కడికి వేస్తున్నారో చూస్తూనే ఉన్నాను. నాకే తప్పూ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

జనం చేరాక మొదటి ఏడాది ఫోన్లే ఫోన్లు. సాయంత్రమైతే బురద వాసన వస్తోందని, జమ్ము మనిషెత్తు పెరిగిపోయి కిటికీకి అడ్డం వస్తోందని, కప్పలు నిద్రపోనివ్వడం లేదని. ప్రతి ఫోనుకీ నాకు లోపల సంతోషంగా ఉండేది. ఫిర్యాదు వస్తోందంటే పని జరుగుతోందన్నమాట. తర్వాత మెల్లగా ఫోన్లు తగ్గాయి, చివరికి ఆగిపోయాయి. నేను వేరే పనుల్లో పడ్డాను.

పొట్టి జమ్ము

అలా కొంతకాలం గడిచాక ఒక రోజు శేషాద్రి సార్ నన్ను పిలిచారు. పర్యావరణాన్ని కాపాడే భవనాలకు బహుమతులిచ్చే ఒక సంస్థకు మన కెంగేరి పని పంపించాననీ, అది చివరి దశ దాకా వచ్చిందనీ, ముగ్గురు చూడ్డానికి వస్తున్నారనీ చెప్పారు. అప్పటికి ఆయన చూపు తగ్గింది. గీతలన్నీ మాతోనే గీయించేవారు. తన ఆఫీసుకు ఒక్క బహుమతీ రాలేదని ఆయన ఎప్పుడూ అనలేదు గాని, ఆ రోజు ముఖం చూస్తే తెలిసింది.

"ఒకసారి పోయి చూసి రామ్మా. అంతా చక్కగా ఉండాదో లేదో," అన్నారు.

వెళ్ళాను. మంచి ఎండాకాలం. గేటు దగ్గరే అసోసియేషన్ అధ్యక్షుడు డేవిడ్ గారు ఎదురొచ్చారు. గుంతకల్లులో రైల్వే ఇంజినీరుగా చేసి రిటైరై, కూతురి దగ్గర ఉండడానికి వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఆ సముదాయంలో ఎవరికి ఏం కావాలన్నా ఆయన దగ్గరికే పోతారు. నన్ను కొలను దాకా నడిపించుకుపోయారు.

కొలను అద్దంలా ఉంది. అడుగున రాళ్ళు లెక్కపెట్టవచ్చు. ఎర్ర చేపలు తిరుగుతున్నాయి. చుట్టూ బెంచీల మీద కూర్చున్నవాళ్ళు నన్ను చూసి చేతులు జోడించారు. ఎంత పీల్చినా ఎక్కడా వాసన లేదు.

"మీరు చేసిన పుణ్యం మేడం," అన్నారు డేవిడ్ గారు. "ఎవరికీ ఒక్క కంప్లైంటు లేదు."

అన్ని ఇళ్ళ మురుగు అక్కడికి చేరుతుంటే, ఆ ఎండలో, ఎవరికీ ఒక్క కంప్లైంటు ఎలా ఉండదు?

మడుల వైపు చూశాను. మనిషెత్తు ఉండాల్సిన జమ్ము నడుం దాకా కూడా లేదు. మెట్టతామర ఆకులు పాలిపోయి ఉన్నాయి. మురుగు తాగే మొక్క నల్లపచ్చగా, పొగరుగా ఉంటుంది. ఇవి ఆకలితో ఉన్నాయి. డేవిడ్ గారు ఎవరితోనో మాట్లాడుతుంటే నేను తోటమాలి నరసింహప్ప దగ్గరికి వెళ్ళాను.

"జమ్ము ఎందుకప్పా ఇంత పొట్టిగా ఉండాది?"

"కత్తిరిస్తామమ్మా."

"కొసలు చూస్తే కత్తిరించినట్లు లేదే."

"ఎండాకాలం కదమ్మా," అన్నాడు, నా వైపు చూడకుండా పైపు తీసుకుని అటు వెళ్ళిపోయాడు.

ఒక ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. ఇంక నేనక్కడ ఎవర్నీ ఏమీ అడగలేదు. ఇంటికి పోకుండా తిన్నగా కబ్బన్‌పేటకు, మా చిన్నాయన దగ్గరికి పోయాను.

రాణి రంగు

"రంగు కావల్ల చిన్నాయనా. మోరీలో పోసినా కనబడాల," అన్నాను.

"మోరీకి చీర కడతావేమే?" అన్నాడు చిన్నాయన. అయినా లోపలికి పోయి ముదురు గులాబీ పొడి పొట్లం ఒకటి తెచ్చాడు. "రాణి రంగు. ఎంత నల్లటి నీళ్ళల్లోనైనా కనబడతాది. చేతికి అంటించుకోవద్దు, పెండ్లికూతురులా ఉంటావు."

మర్నాడు పొద్దున మళ్ళీ కెంగేరి వెళ్ళాను. డేవిడ్ గారు లేని సమయం చూసుకున్నాను. క్లబ్ హౌస్‌లో ఆడవాళ్ళ బాత్రూంలోకి పోయి, పొట్లం మొత్తం కమోడ్‌లో వేసి నీళ్ళు వదిలాను. నా లెక్క సులువైనది. ఆ నీళ్ళు తొట్టిలోకి, మడుల్లోకి పోతే బయటికి రావడానికి రోజులు పడుతుంది, వచ్చేసరికి రంగు చాలావరకు విరిగిపోతుంది. అలా కాకపోతే వెంటనే తెలుస్తుంది.

గేటు బయటికి వచ్చి, గోడ పక్కనే నడిచి, వెనక కాలువ దగ్గరికి దిగాను. ముళ్ళపొదల వెనక గోడలోంచి ఒక లావు పైపు మూతి బయటికి ఉంది. దాని కింద నేల ఎప్పుడూ తడిసి ఉన్నట్టు నల్లగా ఉంది. నేను చూస్తూండగానే పైపులోంచి బుడబుడమంటూ రాణి రంగు నీళ్ళు వచ్చిపడ్డాయి.

గెలిచినట్టు అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. ఆ రంగు ఎక్కడిదాకా పోతుందో చూద్దామని కాలువ వెంబడి కిందికి నడిచాను. కాలువ వంపు తిరిగిన చోట ఒకామె రాతి మీద కూర్చుని కొత్తిమీర, పాలకూర కట్టలు నీళ్ళలో జాడిస్తోంది. వెనక చిన్న మడిచెక్కల్లో ఆకుకూరలు ఏపుగా ఉన్నాయి.

"ఇయ్యాల యా ఫ్యాక్టరీదో రాణి రంగు వచ్చినాదే," అంది తనలో తనే అనుకుంటున్నట్టు. ఆశ్చర్యపడినట్టు లేదు.

"ఇది ఫ్యాక్టరీది కాదక్కా. కొంచెం సేపు ఆకుకూర కడగొద్దు," అన్నాను.

"కొంచెం సేపాగితే ఏం నీళ్ళు వస్తాయి?"

రంగు పోయాక వచ్చే నీళ్ళు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. నేను కట్టించిన ఇళ్ళ కక్కసు నీళ్ళవి. "ఇవి యాడ అమ్ముతావక్కా?" అని అడిగాను.

"సగం మార్కెట్టుకు పోతాది. సగం ఆ పెద్ద బిల్డింగు గేటు కాడ నేనే అమ్ముతా," అంది, తలెత్తి మా అపార్ట్‌మెంటు వైపు చూపిస్తూ.

తాళం చెవి

అనుమానం ముందు మునిరెడ్డి మీదికి పోయింది. చెప్పగానే ఒప్పుకున్న మనిషి కదా. ఆయన దగ్గరికి వెళ్ళి గోడలో పైపు ఎవరు పెట్టారని అడిగాను. కోపగించుకోలేదు. కొత్త ఇంటి వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు.

"మోసం చేసేవాణ్ణయితే అంత జాగా గడ్డికి ఎందుకిస్తానమ్మా? మా నాయన ఆ ఏట్లో చేపలు పట్టినాడు. నేను పట్టలేదు. మీరు గీసింది చూస్తే మా నాయన గుర్తొచ్చె, సరే అంటిని. ఆ పైపు మీ ఆఫీసు డ్రాయింగులోనే ఉండాది, పోయి చూసుకో."

నేను నమ్మలేదు. ఆఫీసుకు పోయి చూస్తే నిజమే. మునిరెడ్డి అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడని నేను అంతకాలం తప్పు చోట వెతికాను. నేను వేరే సైటు మీద ఉన్నప్పుడు వెళ్ళిన చివరి డ్రాయింగుల్లో, తొట్టికి ముందే, మూల గదిలో, ఒక వాల్వు, దాన్నుంచి నేరుగా వెనక గోడకు ఒక పైపు. గీయించింది శేషాద్రి సార్.

"మడులు కడగాలంటే నీళ్ళు కొన్నాళ్ళు పక్కకి మళ్ళించల్ల కదమ్మా," అన్నారాయన. "వాల్వుకి తాళం పెట్టించినాను. తాళం చెవి అసోసియేషన్ దగ్గర ఉండాది."

అందులో తప్పు లేదు. అలాంటి దారి ఏ శుద్ధి ఏర్పాటుకైనా ఉండాలి. అంటే వాల్వును ఎవరో తాళం తీసి తిప్పి, అలాగే వదిలేశారు. నేను రంగు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. "వాళ్ళు చూసిపోనీ. తర్వాత సరిచేద్దాం," అన్నారు.

నన్ను అత్తిబెలెలో గోడ వెనక్కి తీసుకుపోయిన మనిషేనా ఈయన అనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

డేవిడ్ గారు ఇంట్లోనే ఉన్నారు. నేను అడగ్గానే జేబులోంచి తాళాల గుత్తి తీసి, అందులోంచి ఒక చిన్న ఇత్తడి తాళం చెవి విడదీసి బల్ల మీద పెట్టారు.

"నేనే తిప్పినాను మేడం. మా మనవరాలికి డెంగీ వచ్చె. ప్లేట్‌లెట్లు పడిపోయి ఆసుపత్రిలో ఉండె. అందరూ ఈ మడుల వల్లే దోమలంటిరి. ఒక నెల మూద్దామని కమిటీలో కొందరం అనుకుంటిమి. మూసినాక వాసన పోయె, జనం సంతోషపడిరి. గడ్డి ఎండిపోతే బాగుండదని బోరు నీళ్ళు వదిలితిమి. ఆ తర్వాత కొలను చూడ్డానికి బయటి జనం రాను మొదలుపెట్టిరి. మళ్ళా తిప్పేదానికి నాకు మనసు రాలేదు."

"డెంగీ దోమ తేటనీళ్ళల్లో గుడ్లు పెడతాది సార్. రాళ్ళ కింద పారే మురుగులో పెట్టదు," అన్నాను.

ఆయన తల దించుకున్నారు. పాప బాగుందా అని అడిగాను. బాగుంది, బడికి పోతోంది అన్నారు. ఆయన మీద నాకు కోపం నిలవలేదు. వచ్చేవాళ్ళకు నిజం మీరే చెప్పండి అన్నాను.

"వాళ్ళు చూసిపోనీ మేడం. తర్వాత సరిచేద్దాం," అన్నారు.

శేషాద్రి సార్ అన్నదీ అక్షరం పొల్లుపోకుండా అదే. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నారా, ఎవరి మాట ఎవరి నోట్లోకి వచ్చింది అని నేను వాళ్ళనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు

ముగ్గురు వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. నరసింహప్ప కొత్త చొక్కా వేసుకున్నాడు. కొలను చుట్టూ ముగ్గులు వేశారు. సార్ చేతికర్ర పట్టుకుని నా పక్కనే నడుస్తూ, ఎప్పుడూ లేనిది, నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుసు.

పెద్దావిడ కొలను దగ్గర వంగి దోసిలితో నీళ్ళు తీసుకుని చూసింది. "ఇంత ఎండలో కూడా ఇంత తేటగా ఉంటాయా?" అని అడిగింది.

"ఉంటాయండి," అన్నారు డేవిడ్ గారు.

ఇంక మాట్లాడకపోతే ఎప్పటికీ మాట్లాడలేనని నాకు తెలిసిపోయింది. "ఇవి బోరు నీళ్ళండి," అన్నాను. "ఇళ్ళ నీళ్ళు చూడాలంటే గోడ వెనక్కి రావాలి."

భుజం మీది చెయ్యి తీసేశారు సార్. ఒక్క పెద్దావిడ మాత్రం, "పదండి," అంది. మేమిద్దరం గేటు దాటేసరికి వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. డేవిడ్ గారు వస్తున్నారు. ఎందుకు వస్తున్నారో నాకు అర్థం కాలేదు. నన్ను మాట్లాడనివ్వకుండా చేయడానికేమో అనుకున్నాను.

వెనక కాలువ దగ్గర పైపు పారుతూనే ఉంది. ముక్కు మూసుకోకుండా నిలబడలేని గబ్బు. వాల్వు తిప్పిన మనిషి ఆ నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో అంతవరకు చూసి ఉండలేదు. డేవిడ్ గారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కాలువ వెంట కింది వైపు చూశారు. రాతి మీద ఆకుకూరలామె కట్టలు కడుగుతోంది. ఆయన్ని గుర్తుపట్టి లేచి నిలబడింది.

"ఏం సార్ ఈ పక్క వచ్చినారు? పొద్దున పాలకూర ఇచ్చింటిని కదా మీ అమ్మాయికి. బాగలేదా?"

ఆయన రుమాలు తీసేశారు. "బాగుండాదమ్మా," అని వెనక్కి తిరిగారు.

మేము ముంగిట్లోకి వచ్చేసరికి శేషాద్రి సార్ కారెక్కి వెళ్ళిపోయారు. నేను బస్సులో ఇంటికి వెళ్ళాను. బహుమతి వేరే ఎవరికో వచ్చింది.

వారం రోజులు ఆఫీసులో సార్ నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున ఏమీ జరగనట్టే ఒక డ్రాయింగు నా బల్ల మీద పెట్టి, "ఇది చూడమ్మా," అన్నారు. ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. కొత్త క్లయింట్లకు మాత్రం నన్ను చూపించి, "ఈమె ముందర మంచినీళ్ళు తాగాలన్నా నాకు భయం," అనేవారు. అందులో ఎంత మెచ్చుకోలు ఉందో, ఎంత నొప్పి ఉందో నేను తేల్చుకోలేకపోయాను. నేను చేసింది సరైన పనే. దానివల్ల ఒక పెద్దమనిషి ముచ్చట తీరలేదు. ఈ రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని తుడిచేయదు. పనిలోకి వస్తున్నవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి.

ఎవరిది

ఆ ముగ్గురూ వచ్చిపోయిన వారం ఆదివారం అసోసియేషన్ మీటింగుకు నన్ను పిలిచారు. డేవిడ్ గారు లేచి, వాల్వు తిప్పింది తానేనని, బోరు నీళ్ళు వదిలించింది తానేనని చెప్పారు. చాలామందికి నిజంగానే తెలియదు. కొందరికి తెలుసు. వాళ్ళు నేల చూపులు చూశారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక కుర్రాడు నిలబడి, "మన ఒక్క అపార్ట్‌మెంట్ వాటర్ ఆపితే రివర్ క్లీన్ అయిపోతుందా అంకుల్? పైనుంచి సిటీ అంతా వదుల్తూనే ఉంది కదా," అన్నాడు.

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. వృషభావతి ఆ తర్వాతా నల్లగానే పారింది. ఒక్క ఇల్లు నదిని బాగుచేస్తుందని మీకు ఎవరైనా చెప్తే నమ్మకండి. అలా చెప్పే ఆర్కిటెక్టును అసలే నమ్మకండి.

డేవిడ్ గారు జవాబిచ్చారు. "నది సంగతి నాకు తెల్దు నాయనా. కింద ఒకామె ఉండాది. మనం రోజూ ఆమె దగ్గరే ఆకుకూర కొంటాము. నేను ఈ వారం తినలేకపోయినాను."

చేతులెత్తితే మడులవైపు కొద్దిపాటి మొగ్గు వచ్చింది. అందరూ చూస్తుండగా డేవిడ్ గారే వాల్వు వెనక్కి తిప్పారు. బోరు పైపు పీకేశారు. నేను అప్పటికప్పుడు ఒక మార్పు గీసిచ్చాను. వాల్వును మూల గదిలోంచి తెచ్చి ముంగిట్లో, పిల్లలాడుకునే చోటుకు ఎదురుగా పెట్టించాను. వెనక పైపు మూతిని ముళ్ళపొదల్లోంచి తప్పించి, బండి ఎక్కేవాళ్ళకు దిగేవాళ్ళకు కనబడేలా గేటు పక్కకు తిప్పించాను. ఆ తర్వాత నేను చేసిన ప్రతి పనిలోనూ ఈ రెండూ ఉన్నాయి. తాళం మీద నాకు నమ్మకం లేదు. తిప్పే మనిషి నలుగురికి కనబడాలి, నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో కనబడాలి. ఆర్కిటెక్టు చేయగలిగింది అంతవరకే.

కొద్ది రోజులకే డేవిడ్ గారు ఫోన్ చేశారు.

"మేడం, వాసన వస్తా ఉండాది."

"ఎట్లాంటి వాసన?"

"బురద వాసన. సాయంత్రమైతే ఎక్కువ. కింది ఇండ్లోళ్ళు నన్ను నిలబెట్టి అడుగుతుండారు, ఎవరిదీ గబ్బు అని."

"మీరేం చెప్పినారు?"

"మనదే అని చెప్పినాను."

మంచిది సార్ అని ఫోన్ పెట్టేశాను. అయినా మర్నాడు సాయంత్రం బస్సెక్కి కెంగేరి పోయి చూసుకున్నాను. నిజంగానే గబ్బు కొడుతోంది.